ళ పలకని బోర్డు

ఫహాహీల్‌లో మూతపడ్డ ఏదో బడి
చవగ్గా అమ్మేసిన బోర్డు ఇది.
ఎడమ మూల చిన్న బీట,
రెండుసార్లు తడితే గానీ నిద్ర లేవదు.
ఆరు రోజులు మందుల షాపులో
డాక్టర్ల గిలుకుడు చదివే నేను
శుక్రవారం ఒక్క పూటా పంతులమ్మని.

పదకొండు మంది పిల్లలు.
అమ్మతో తెలుగు, లిఫ్టులో అరబ్బీ,
గొడవ పడితే హిందీ.
కలలు ఏ భాషలో వస్తాయో ఇంకా అడగలేదు.

తెర మీద అక్షరాలు చేపల్లా ఈదుతాయి.
వేలితో పట్టి లాగాలి.
గుడి తగిలిస్తే కి, కొమ్ము తగిలిస్తే కు.
సరిగ్గా అతికితే గంట,
తప్పితే గుర్రుమంటుంది.

తలకట్టు చూసి లోహిత్ అడిగాడు
"బల్దియా ఆఫీసు అంకుల్ పెట్టుకునేదా టీచర్?"
అవునన్నాను.
పొల్లు క్ కనపడితే చాలు వాడికిప్పుడు
అంకుల్ ఇంటికెళ్ళి తలపాగా తీసేసినట్టు.

రిజ్వానా 'పంట'ని
"ప, అయిదు, ట" అని చదివింది.
నవ్వబోయి ఆగాను.
వాళ్ళ వీధి పలక మీద, బస్సు నుదుటి మీద,
దీనారు నోటు మీద
అయిదంటే ఆ గుండ్రమే కదా.
మన సున్న ఇక్కడికొచ్చి
అయిదై బతుకుతోందని
ఇన్నేళ్ళూ నాకెందుకు తట్టలేదు?

వల బొమ్మ కింద కెజియా
కుడి చివర వ పెట్టి, దాని పక్కన ల పెట్టింది.
'లవ' అని బోర్డు గుర్రుమంది.
అది నడుం మీద చెయ్యేసుకుని
"నేను వలే రాశాను,
మీరు అటు నుంచి చూడండి" అంది.
అటు వెళ్ళి చూశాను.
వలే.

తర్వాత ళ.
బోర్డు గొంతు ఎక్కడో ఏసీ గదిలో పుట్టిన గొంతు.
అన్నీ ముద్దుగా పలుకుతుంది,
ళ దగ్గరికొచ్చి జారిపడుతుంది.
రెండు కన్నుల బొమ్మ చూపించి
"కల్లు" అంది.
చుక్క దొరకని దేశంలో
పదకొండు మంది పిల్లలు ముక్తకంఠంతో
కల్లు! కల్లు!

గుమ్మం దగ్గర తుడుపు కర్ర ఆగింది.
"కల్లు కాదు నాయినా, కళ్ళు!
నాలిక ఎనక్కి మడిసి కొట్టల్ల."

పిల్లలంతా నాలుకలు మడిచి ఆమె వైపు తిరిగారు.
ఎర్ర బొత్తాం నొక్కి ఆమెను ముందుకు పిలిచాను.
మొదట గొంతు పెగల్లేదు.
"ఏం చెప్పాల?"
ళ ఉన్నవి ఏవైనా.
కళ్ళు, అంది. నీళ్ళు.
తాళం. గోళీ. కాళ్ళ నొప్పి.
కాసేపాగి,
ఎవరూ అడక్కుండానే,
ఓబుళమ్మ.

ఆమె బతాకా మీద రెండు లిపుల్లో పేరుంది.
రెండింట్లోనూ ళ లేదు.
పదహారేళ్ళుగా ఆ ఒక్క అక్షరం తక్కువగానే
వీసా, జీతం, ఆసుపత్రి వరస.

తెర మీద రాశాను: ఓ, బు, ఖాళీ, మ్మ.
పిల్లలు బల్లలెక్కారు
"ఆ చేప ఆంటీ, మెలిక తోక చేప!"
కాగితాల మీద ఎప్పుడూ
సిరా పూయించుకునే వేలు అది.
ఫినాయిల్ తడికి బోర్డు పలకలేదు.
చున్నీకి తుడుచుకుంది.
రెండోసారి తాకింది.
చేప కదిలింది, వంకరగా పోయింది,
బు పక్కన తగులుకుంది.
గంట.

పిల్లలెళ్ళాక ఎప్పటిలాగే
పదకొండు జతల చేతి మరకలు తుడిచింది.
నడి మధ్య ఒక్కటి మిగిలిపోయింది.
చూసుకోలేదేమో అని చెప్పబోయాను.
చూసుకునే ఉంది.

వచ్చే వారం ఒత్తులు.
'అమ్మ' అనమంటే
ఈ ఏసీ గొంతు ఏమంటుందో ఏమో.